పొలవాస దౌహిత్రుడు

జగిత్యాల పట్టణమునకు చేరువనే పొలాస యను గ్రామమొకటి కలదు. రైతులకది వ్యవసాయ పరిశోధనా స్థానమున్న యూరుగాను, భక్తులకు పౌలస్త్యేశ్వరుని కోవెలయున్న యూరుగాను తెలియునే గాని, ఎనిమిది తొమ్మిది వందల యేండ్లకు పూర్వము పొలవాస యను పేర నది యొక రాజవంశమునకు నెలవై యుండెననియు, అనుమకొండ కాకతీయులు ఎవరికిని తలయొగ్గని ప్రభువులగుటకు ముందు గెలువవలసివచ్చిన యిరుగుపొరుగు రాజులలో పొలవాసవారు ముఖ్యులనియు ఎరిగినవారు తక్కువ. ఆ యింట పెరిగిన ఆడుబిడ్డ కడుపున పుట్టి, తండ్రి గద్దెకు వారసుడు కావలసినవాడై, గద్దెనెక్కకయే నీట కలిసిపోయిన యొక యువకుని పేరు మాత్రము తెలంగాణములో తెలియని యిల్లు లేదు. అతడు జంపన్న.

ముందుగా శిలలు చెప్పునది విందము. హనుమకొండలోని పద్మాక్షి గుట్టపై క్రీ.శ. 1117 నాటి శాసనమొకటి కలదు. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ అచ్చట జైన బసదిని కట్టించి భూమినిచ్చెననియు, మాధవవర్మ వంశమున పుట్టితినని చెప్పుకొను ఉగ్రవాడి ప్రభువు మేళరసు గూడ దానికి భూదానము చేసెననియు అందు వ్రాయబడినది. ఈ మేళరసే పొలవాస మేడరాజని చరిత్రకారులు కొందరు తలచుచున్నారు. అదియే నిజమైనచో, కాకతీయుల కొండమీది దేవునికి భూమినిచ్చినంతటి మైత్రి ఒక తరము తిరుగులోపలనే రక్తవైరముగా మారెననుకొనవలెను. ఏలయన, 1163లో ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు వేయిస్తంభముల గుడిలో నిలిపిన శాసనమున అచింతేంద్రుడను కవి చెప్పిన సంస్కృత శ్లోకములు వేరొక లోకమును చూపుచున్నవి. మంత్రకూట ప్రభువైన గుండని ప్రోలరాజు పట్టి తల గొరిగించి రొమ్మున వరాహముద్ర వేయించెనని ఆ కవి సంతోషముతో చెప్పును. ఆ మంత్రకూటము నేటి మంథెనయే యని పలువురి యభిప్రాయము. తండ్రి మొదలిడిన పనిని కొడుకు ముగించెను. నగునూరి దొమ్మరాజును, పొలవాస మేడరాజును రుద్రదేవుడు జయించి, ఆ నాడులను తన యేలుబడిలో కలుపుకొని, నేటి కరీంనగర సీమయైన సబ్బినాటి వ్యవహారములను వెల్లకి గంగాధరుడను మంత్రి చేతిలో పెట్టెను. ఆ గంగాధరుని శాసనము కరీంనగరములోనే దొరకినది. కరీంనగరమునకు దాపుననున్న నగునూరిలో ఆ కాలపు గుడుల శిథిలములను నేటికిని చూడవచ్చును. ఓడినవాని మాట శిల కెక్కుట అరుదు. ఎక్కినను గెలిచినవాని యాస్థానకవి నోటనే యెక్కును. గుండనికిని దొమ్మరాజునకును కొడుకులుండిరో, ఉండిన వారేమైరో, అచింతేంద్రునికి అక్కరలేకపోయెను.

ఇక జనులు చెప్పునది వేరు. పొలవాస నేలు మేడరాజు కాలమున వేటకు పోయిన కోయలకు అడవిలో పులుల నడుమ వెరపు లేక ఆడుకొనుచున్న పసిబిడ్డ దొరకెనట. ఆ బిడ్డను తెచ్చి పెంచి సమ్మక్క యని పిలిచికొని, యుక్తవయస్సు రాగానే మేడరాజు తన మేనల్లుడును మేడారపు కోయదొరయు నగు పగిడిద్దరాజునకిచ్చి వివాహము చేసెను. ఆ దంపతులకు సారలమ్మ, నాగులమ్మ యను కుమార్తెలును, జంపన్న యను కుమారుడును కలిగిరి. పగిడిద్దరాజు కాకతీయులకు కప్పము కట్టెడి సామంతుడు. వానలు లేక వరుసగా కరవులు వచ్చి అడవిలో తిండికే గతి లేనప్పుడు కప్పమెక్కడిదని అతడు చెల్లింపు మానెను. అంతకుముందే కాకతి ప్రతాపరుద్రుడు పొలవాసపై దండెత్తగా వృద్ధుడైన మేడరాజు పారివచ్చి అల్లుని యింట తలదాచుకొని యుండెను. కప్పము ఎగవేసినవాడును, పారిపోయినవానికి ఆశ్రయమిచ్చినవాడును ఒక్కడే యగుటచే ఓరుగల్లు సేన మేడారము మీదికి నడచెను. మాఘమాసమున సంపెంగవాగు ఒడ్డున జరిగిన పోరులో మేడరాజు, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, సారలమ్మ పెనిమిటి గోవిందరాజు ఒకరి వెంబడి నొకరు కూలిరి. జంపన్న సంపెంగవాగులో పడి మరణించెను. వాని నెత్తుటితో వాగు ఎఱ్ఱబారి నాటినుండి జంపన్నవాగయ్యెను. కడపట సమ్మక్క శత్రుసేనను చీల్చి చెండాడి, వెన్నుపోటు తగిలి, చిలకలగుట్ట వైపు నడచి కనుమరుగయ్యెననియు, వెదుక పోయినవారికి పుట్ట చెంత నొక కుంకుమభరిణ మాత్రమే దొరకెననియు కథ.

ఇచ్చట చరిత్ర చదివినవానికి పంటి క్రింద రాయి తగులును. శాసనములలోని మేడరాజు పన్నెండవ శతాబ్దివాడు; ప్రతాపరుద్రుడు ఓరుగల్లు నేలినది 1289 మొదలు 1323 వరకు. రుద్రదేవుని చేత నోడిన మేడరాజు, రుద్రదేవుని తరువాత మూడు నాలుగు తరముల పిమ్మట వచ్చిన రాజు చేత మరల తరుమబడుట ఎట్లు? ఈ చిక్కును చూపి కథనంతయు కల్పన యని కొట్టివేయుట సులభము. కొందరు విద్వాంసులాపని చేసియే యున్నారు. నా కట్లు తోచదు. మేడరాజు పేరును, పొలవాస పేరును, ఆ రాజునకు అనుమకొండతో గల వైరమును శాసనము చదువనేరని జనులు తప్పులేకుండ జ్ఞాపకముంచుకొనిరి, తప్పినది కాలమొక్కటియే. ప్రోలుడు తల గొరిగించిన గుండడు, రుద్రుడు గెలిచిన దొమ్మరాజు, పొలవాస విడిచి అడవి పట్టిన మేడరాజు, వీరందరి యవమానమును జనులు ఒక్క పోరుగా కుప్పవోసి, తమకు బాగుగా తెలిసిన కడపటి కాకతీయుని తలపై మోపిరనుట సబబు. ప్రతాపరుద్రుని యంతమును అందరికిని తెలిసినదే కావున, ఆ భారము నాతని తలపై మోపుట వారికి సులువయ్యెను. అతడు ఢిల్లీ సేనకు చిక్కి, బందీయై పోవుచు నర్మదాతీరమున మరణించెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. మేడారపు పోరులో గెలిచినవాడును నీటి యొడ్డుననే కడతేరుట నిండు కథగా చేసికొనదగిన సంగతి. అయినను కోయల కథ ఆ వైపు చూడదు. దాని కతనితో పనిలేదు.

జంపన్న కథలో నాకు వింతగొల్పునది మరియొకటి కలదు. ఇంత ప్రసిద్ధుడైన యీ యువకునికి చరితము లేదు. సమ్మక్కకు పులుల నడుమ దొరకిన బాల్యము కలదు, చేతి స్పర్శతో రోగములు మాన్పిన మహిమలు కలవు, కడపటి యుద్ధము కలదు. సారలమ్మకు కన్నెపల్లి యను నెలవు కలదు. జంపన్న పుట్టినప్పుడు ఏ శకునములు కలిగెనో, ఏ విద్య నేర్చెనో, ఎవరిని కూల్చెనో, పెండ్లి యయ్యెనో లేదో, సామాన్యముగా చెప్పుకొను కథ పలుకదు. వాని జీవితమంతయు నొక్క వాక్యమున నిముడును, ఆ వాక్యమును మరణవాక్యమే. పల్నాటి బాలచంద్రునితో పోల్చి చూడుడు. రుద్రదేవుని కాలముననే పల్నాట జరిగిన పోరులో చిన్ననాడే నేలకొరిగిన ఆ బాలునికి బొంగరములాట మొదలుకొని కారెంపూడి కదనము వరకు ప్రతి ఘట్టమును పిచ్చుకుంటులవారు పాడిరి, శ్రీనాథుని పేర ద్విపద కావ్యమును వెలసెను. బాలచంద్రుని పాడుటకు కులవృత్తిగా పాడువారుండిరి. వినుటకు వీరుల గుడియు, కత్తులు కడిగెడి తిరునాళ్ళును ఉండెను. జంపన్నకు పాడినవారు లేరనుట కాదు; అతని తల్లియు తోబుట్టువును ఆ పాట నాక్రమించిరి. రాజవంశపు లెక్కలో కొడుకే వారసుడు, కూతుండ్రు అత్తవారింటివారు. మేడారమున నీ లెక్క తలక్రిందులయ్యెను. జాతరలో పూజలందెడి గద్దెలు తల్లికిని కూతురికిని దక్కగా, గద్దెకు హక్కుగల కొడుకునకు దక్కినది వాగు.

అతని మరణమును గూర్చియు రెండు మాటలు వినబడును. గాయములతో పోరాడుచు వెనుకకు త్రోయబడి వాగులో కూలెననునది యొకటి. తండ్రియు అప్పచెల్లెండ్రును పడిపోయిన వార్త విని, ఓటమిని సహింపలేక తానే దుమికెననునది రెండవది. పుస్తకములలో నెక్కువగా కనబడునదియు నిదియే. ఈ రెండవ దానిలో రాచరికపు వాసన నాకు తగులుచున్నది. పరాభవముకంటె మరణము మేలని తలచుట ప్రబంధములలోని క్షత్రియకుమారులకు అలవాటు. కప్పము కట్టలేక పస్తులున్న యడవిదొర కొడుకునకు, ఒడ్డున తల్లి యింకను పోరాడుచుండగా, అట్టి తలపు కలుగుట నమ్మశక్యముగా లేదు. అతడు కూలెననుకొనుటయే నాకు ఇంపైన పాఠము. వాగు ఎఱ్ఱబారెనను మాటయు దీనికే సరిపోవును. దుమికి మునిగినవాని నెత్తురు వాగునంతటిని తడుపదు గదా.

ఆ వాగు గోదావరికి ఉపనది. రెండేండ్లకొకమారు మాఘ పౌర్ణమికి నాలుగు దినములు జరిగెడి జాతరకు వచ్చినవారు, జంపన్నవాగులో మునిగిన తరువాతనే గద్దెల చెంతకు పోవుట యాచారము. వాగు మీద వంతెన పడినను ఈ యాచారము మారలేదు. ఇసుకలో చెలిమలు త్రవ్వి నీరు తోడుకొనువారు, పూనకముతో తల విరబోసికొని వాగులో చిందులు వేయు శివసత్తులు, తల నీలాలిచ్చి తడిబట్టలతో బెల్లపు బుట్టలెత్తుకొను గృహస్థులు ఒక్క చోట కనబడుదురు. ఆ బెల్లమునే జనులు బంగారమందురు. మనిషి యెత్తు తూచి యిచ్చెదమని మ్రొక్కుకొందురు. వంశముల వారీగా పూజలును పంచుకొనబడినవి. సమ్మక్కకు సిద్ధబోయినవారు, సారలమ్మకు కాకవారు, పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజును తెచ్చుటకు పెనకవారు, కొండాయి నుండి గోవిందరాజును తెచ్చుటకు దబ్బగట్లవారు. తొలినాటి సాయంకాలము కన్నెపల్లి నుండి సారలమ్మను తెచ్చు వడ్డెలను పూజారులు జంపన్నవాగు దాటియే మేడారము చేరుదురు. చెల్లెలో అక్కయో కథకులలో పొత్తు కుదరదు గాని, తోబుట్టువు నీరు తాకనిదే ఆమె గద్దెకు రాదు. మరునాడు చిలకలగుట్ట నుండి సమ్మక్క కుంకుమభరిణ రూపమున దిగును. నాల్గవనాడు అందరును తిరిగి వనమునకు పోవుదురు. జంపన్న మాత్రము ఎచ్చటికిని పోడు. 1996లో ప్రభుత్వమీ జాతరను రాష్ట్రపండుగగా ప్రకటించెను.

పొలవాస యుండిన కరీంనగర సీమవారు ఈ జాతరను మేడారమునకే వదలిపెట్టలేదు. అంత దూరము పోలేనివారి కొరకు రేకుర్తిలో గద్దెలు వెలసినవి. గోదావరిఖనిలో నది యొడ్డుననే వెలసినవి. సింగరేణి గనులు తెరచిన పిమ్మట నలుమూలలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అచ్చట గోదావరిలో మునిగి గద్దెలకు నడచుచుందురు. భూగోళము ఎరిగినవాడు, జంపన్నవాగు గోదావరిలో కలియునది చాల దిగువన నేటూరునాగారము వైపుననియు, ఆ నీరు ఎగువకు వచ్చు వీలు లేదనియు అడ్డుచెప్పవచ్చును. గని దిగివచ్చి భార్యాబిడ్డలతో మునకవేయు కార్మికునికి ఆ సందేహము లేదు. మేడారములో జంపన్న పేరు తలచుకొని యెట్లు మునుగుదురో, అతడును ఇచ్చటి నీటిలో అట్లే మునిగి, తడిసిన పంచె పిండుకొని, బంగారమెత్తుకొని గద్దెల వైపు నడచుచున్నాడు.