గోదావరి డెల్టాలో మోర్మన్ మిషనరీ సేవ

యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున రాజమహేంద్రవరంలోనూ ఇతర తెలుగు ఊళ్లలోనూ యువతీయువకులు జీతం లేకుండా చేసే మత సేవను మోర్మన్ మిషనరీ సేవ అంటారు. ‘మోర్మన్’ జనం పెట్టిన పేరు. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘం, తనను పూర్తి పేరుతోనే పిలవాలని 2018 నుంచి గట్టిగా కోరుతోంది. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథాన్ని కూడా పవిత్ర లేఖనంగా నమ్మడం వీరి ప్రత్యేకత. మిషనరీగా అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు పద్దెనిమిది నెలలు పనిచేస్తారు. ఏ ఊరు వెళ్లాలో వారు ఎంచుకోరు. సంఘ ముఖ్య కార్యాలయం పంపే పిలుపు ఉత్తరంలో ఏ ప్రాంతం ఉంటే అక్కడికే ప్రయాణం.

భాష రాని తొలి రాక

ఈ సంఘం మిషనరీలు మన దేశానికి మొదట వచ్చింది 1851లో, కలకత్తాకు. 1853లో రిచర్డ్ బాలెంటైన్, మరో ఇద్దరు మద్రాసు చేరారు. చేతిలో డబ్బు లేకుండా, దేవుడే చూసుకుంటాడనే నమ్మకంతో బయల్దేరడం ఆనాటి వారి పద్ధతి. వాళ్లు ప్రధానంగా ఇంగ్లీషులో బోధించారు; విన్నవాళ్లు ఎక్కువగా కంటోన్మెంట్లలోని యూరోపియన్లు. ఏడాది తిరిగేసరికి బాలెంటైన్ ఓడెక్కేశారు. 1856కల్లా మిగిలినవాళ్లూ వెళ్లిపోయారు. వాళ్లు తెలుగు దేశంలో నాటుకున్న జాడ లేదు.

అదే కాలంలో డెల్టాలో జరిగింది వేరు. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో పాటు వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో కాపురం పెట్టారు. వీరు మోర్మన్లు కారు, బ్రదరన్ శాఖవారు. వీరికీ జీతం లేదు, వెనక పెద్ద సంస్థ లేదు. కానీ తెలుగు నేర్చుకున్నారు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాక, అక్కడ రాళ్లూ మట్టీ మోసే కూలీల మధ్య, వారి మాటలోనే బోధించారు. బీర్ 1853లో కన్నుమూశారు. బౌడెన్ నలభై ఏళ్లు ఇక్కడే ఉండి 1876లో పోయారు. ఇద్దరి పిల్లలూ అదే పనిలోకి వచ్చారు. ఆనాటి రెండు బృందాల్లో ఎవరి విశ్వాసం గట్టిదని తూచడం మన పని కాదు. ఒకరు వేరూనడానికీ మరొకరు వెనుదిరగడానికీ కారణాల్లో మాత్రం భాషకే పెద్ద పీట వేయాలి.

తెలుగువారే తెచ్చిన మతం

మోర్మన్ సంఘం తెలుగునాట నాటుకున్నది తెలుగు కుటుంబం ద్వారానే. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు సమోవా దీవుల్లో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ప్రత్యేక మిషనరీలుగా హైదరాబాదు వచ్చి, ముందు తమ సొంత బంధువర్గానికే బోధించారు. వారిలో పలువురు బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసం మోర్మన్ గ్రంథంలోని భాగాలను తెలుగు చేశారు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ కలిసే చుట్టాల మధ్య మతం మాట ఎత్తడానికి ఎంత ధైర్యం కావాలో తెలుగు ఇళ్లలో పుట్టినవారికి వేరే చెప్పక్కర్లేదు. కొత్త ఊళ్లో తలుపు తట్టడం దానికన్నా సులువు.

1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. హైదరాబాదు, విశాఖపట్నం, రాజమహేంద్రవరం వంటి చోట్ల సంఘాలు పెరిగాయి. 2012 మే 27న దేశంలోని మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాల సమూహం, హైదరాబాదులో ఏర్పడింది.

రోజు గడిచే తీరు

పొద్దున్న ఆరున్నరకు లేవడం, వ్యాయామం, లేఖన పఠనం, భాష రానివారికి భాషాభ్యాసం, తర్వాత ఊళ్లోకి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా గదికి చేరాలి, పదిన్నరకు దీపం ఆర్పాలి. 2017 నుంచి ఈ పట్టిక స్థానిక పరిస్థితిని బట్టి కొంత మార్చుకోవచ్చు. అబ్బాయిలకు సాధారణంగా తెల్ల చొక్కా, టై; అందరికీ నల్ల పేరుపలక. ఎక్కడికి వెళ్లినా ఇద్దరుగానే. ఆ రెండో మనిషిని తామే ఎంచుకునే వీల్లేదు. ఆరు వారాలకోసారి బదిలీల పిలుపు వస్తుంది. అప్పుడు జంటలు మారవచ్చు, ఊరు మారవచ్చు. మిజో యువకుడికీ తణుకు కుర్రాడికీ ఒకే గది పడితే వంట దగ్గరే పాఠం మొదలవుతుంది. ఒకరికి కారం లేనిదే ముద్ద దిగదు, ఇంకొకరికి ఆ కారమే గొంతు దిగదు. ప్రేమ వ్యవహారాలు, సినిమాలు ఈ కాలంలో నిషిద్ధం. వారంలో ఒక రోజు బట్టలుతుక్కోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ ఇంటికి రాసుకోవడానికీ.

పేరుపలక మీద అబ్బాయిలకు ‘ఎల్డర్’, అమ్మాయిలకు ‘సిస్టర్’ అని ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద. డెల్టా క్రైస్తవులకు ‘సంఘ పెద్ద’ అనగానే నెరసిన తల కళ్ల ముందు మెదులుతుంది. ఇక్కడ మీసం కూడా సరిగా రాని పందొమ్మిదేళ్ల పిల్లాడు. ఇంటి ముసలమ్మ మాత్రం ఆ పలక చూడదు. ‘‘రా బాబూ, ఎండన పడొచ్చావు, కూర్చో’’ అంటుంది.

అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. గోదావరి జిల్లాల్లో గడప తొక్కినవారికి కాఫీయో టీయో ఇవ్వకుండా పంపరు. మోర్మన్ల ఆరోగ్య నియమం ప్రకారం కాఫీ, టీ, మద్యం, పొగాకు నాలుగూ కూడవు. స్టీలు గ్లాసులో నురగ తేలుతున్న కాఫీ ముందు పెట్టాక వద్దంటే ఇల్లాలి ముఖం చిన్నబోతుంది. తమ చేతి నీళ్లు ముట్టరేమో అనే పాత గాయం ఉన్న పేటల్లో ఆ ‘వద్దు’ ఇంకా లోతుగా తగులుతుంది. అందుకే తెలిసిన మిషనరీ కూర్చోకముందే ‘‘అమ్మా, కొంచెం మజ్జిగ ఉంటే ఇస్తారా అండీ’’ అని తనే అడుగుతాడు. నియమం నిలుస్తుంది, ఆమె మర్యాదా నిలుస్తుంది. మే నెల ఎండలో కొబ్బరినీళ్లకూ రాజమండ్రి రోజ్‌మిల్క్‌కూ ఏ అడ్డూ లేదు.

కష్టాలు

రోహిణి కార్తె ఎండ, వానాకాలపు దోమలు, పడని నీళ్లతో వచ్చే జ్వరాలు ఎలాగూ ఉన్నవే. వాటికన్నా ఇంటి మీద బెంగ ఎక్కువ బాధిస్తుంది. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోన్ చేసే అవకాశం ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మాతృ దినోత్సవానికీ. ఆ తర్వాత వారం వారం మాట్లాడుకోనిచ్చారు. ఎన్నో ఏళ్ల ముందే చేయవలసిన మార్పు ఇది.

తెలుగు కుటుంబంలోని పిల్లలకు మరో బరువు ఉంది. ఇరవై ఏళ్ల వయసులో రెండేళ్లు పక్కన పెట్టడమంటే చదువులోనో ఉద్యోగంలోనో ఒక ఖాళీ. ‘‘ఆ రెండేళ్లూ ఏం చేశావు?’’ అన్న ప్రశ్న ఇంటర్వ్యూలోనూ వస్తుంది, పెళ్లిచూపుల్లోనూ వస్తుంది. ఖర్చులో తన వంతు కుటుంబమే భరించాలి. తాహతు లేనివారికి సంఘం నిధి తోడుంటుంది.

డెల్టాలో లూథరన్, బ్రదరన్, బాప్టిస్టు, కతోలిక, పెంతెకొస్తు సంఘాలు పక్కపక్కనే ఉంటాయి. వాటిలో చాలా సంఘాలు మోర్మన్ బాప్తిస్మాన్ని అంగీకరించవు. త్రిత్వం గురించీ అదనపు గ్రంథం గురించీ ప్రశ్నలు వస్తాయి. హిందూ ఇళ్లలో మతమార్పిడి అనుమానం ఉండనే ఉంటుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సి కిందికి వస్తారు. కాబట్టి బాప్తిస్మం గురించి ఆలోచించే కుటుంబం పిల్లల సీట్లూ ఉద్యోగాలూ లెక్కేసుకోక తప్పదు. ఎదుటివారి ఆ లెక్కను విశ్వాసలోపంగా చూసే మిషనరీ ఇంకా ఈ నేలను తెలుసుకోలేదనే అనాలి.

సంతోషాలు

సేవలో సంతోషం అంటే బాప్తిస్మాల సంఖ్య అనుకుంటారు బయటివారు. అది ఎప్పుడూ చేతిలో ఉండదు. భాష పట్టుబడటం మాత్రం రోజూ తెలుస్తుంది. పుస్తకంలో ‘వచ్చుచున్నాను’ అని చదువుకున్న కుర్రాడు, కొన్ని నెలలకు ‘వత్తన్నానండీ’ అంటాడు; ‘అవును’ పోయి ‘ఆయ్’ వస్తుంది. ఎదుటివారు నవ్వుతారు, ఆ నవ్వుతో ఇంట్లో మనిషవుతాడు. బడికి వెళ్లే వీలు లేకపోయిన పెద్దావిడ పక్కన కూర్చుని లేఖనంలో ఒక్కో వాక్యం చదివి వినిపించడం, జ్వరంతో ఉన్న జంట సహచరుడికి గంజి కాచి పెట్టడం, ఎన్నో వారాలు ముభావంగా ఉన్న ఇంటి యజమాని ఒకనాడు కుర్చీ జరిపి ‘కూర్చోండి’ అనడం: ఇవి ఏ నివేదికలోనూ రావు.

గడువు పూర్తయ్యాక మిషనరీ సొంత ఊరు చేరి స్థానిక నాయకుడి ముందు కూర్చుంటాడు. ఆయన సేవ నుంచి విడుదల చేస్తున్నట్టు చెబుతారు. అప్పటిదాకా పేరుపలక తీయడు.