పంట కాలువా? పడవ కాలువా?



గోదావరి డెల్టా సౌభాగ్యానికి కారణమేమని అడిగితే మా ప్రాంతంలో చిన్నపిల్లవాడు సైతం ‘ధవళేశ్వరం ఆనకట్ట’ అంటాడు. తరగతి గదిలో ఏళ్ళ తరబడి నేను విన్న సమాధానమూ అదే. అది సరియైనదే గాని సగం మాత్రమే. ఆనకట్ట పంటనిచ్చింది. ఆ పంటకు వెల తెచ్చిపెట్టినది కాలువ మీద నడిచిన పడవ. ఈ రెండవ సగాన్ని మనం దాదాపు మరచిపోయాము.

ఆనకట్టకు పూర్వం ఈ సీమ ఎల్లకాలమూ బీదదిగానే ఉన్నదనుకోవడం పొరపాటు. ఇంజరం, మాధవాయపాలెం, బండమూర్లంక రేవులలో ఇంగ్లీషు కంపెనీవారికి బట్టల కొఠీలు ఉండేవి. యానాంలో ఫ్రెంచివారు ఉండేవారు. నరసాపురం చెంతనున్న మాధవాయపాలెం దొరల నోట ‘మాదపొల్లం’ అయి, ఒక రకపు మెత్తని నూలుబట్టకు పేరుగా స్థిరపడింది. ఊరిలో అధికభాగాన్ని గోదావరి మింగివేసినా పేరు మాత్రం ఇంగ్లీషు నిఘంటువులలో నేటికీ ఉన్నది. ఇందులోని విషాదమేమంటే, మరమగ్గాలు వచ్చిన పిమ్మట అదే పేరుగల బట్టను ఇంగ్లండులోనే నేసి లోకానికంతటికీ అమ్మారు. 1813లో భారతదేశపు వర్తకంపై కంపెనీ గుత్తాధికారం పోయింది. 1833 చట్టంతో వారి వర్తకమే ముగిసింది. కొఠీలు మూతపడ్డాయి. బయానా తీసుకొని బట్ట నేసి బ్రతికిన సాలెవారికి కొనేవాడు కరవయ్యాడు.

ఆ దెబ్బ మీద మరొక దెబ్బ నందన నామ సంవత్సరపు కరవు. 1832-33లో వచ్చిన ఈ క్షామాన్ని డొక్కల కరవని పెద్దలు చెప్పుకొనేవారు. గుంటూరు సీమ దానికి ఎక్కువగా బలియైనది. గోదావరి సీమ కూడ తప్పించుకోలేదు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ఊడ్చివేసింది. నాటి రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరువది యేళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. చచ్చినవారెందరో, వలసపోయినవారెందరో విడదీసి చెప్పడం కష్టం.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటున్నది. కరవు యేడు ధాన్యం లేక రైతు చెడ్డాడు. పంట బాగా పండిన యేడు ధర లేకనూ చెడ్డాడు. వానకాలంలో నల్లరేగడి బాటలలో బండి ఇరుసుదాకా దిగబడుతుంది. ఎడ్లబండి మీద కొద్ది బస్తాలు దూరపు ఊరికి చేర్చేసరికి వచ్చే సొమ్ములో చెప్పుకోదగిన భాగం దారి ఖర్చుకే పోతుంది. అందుచేత ఒక తాలూకాలో గాదెలు నిండి ఉన్నా పక్క సీమలో జనం ఆకలితో చావవచ్చును. నీరు లేకపోవడం ఎంత రోగమో, దారి లేకపోవడమూ అంత రోగమే.

సర్ ఆర్థర్ కాటన్ ఈ రెండు రోగాలకూ ఒకే మందు వేశాడు. 1844, 1845 సంవత్సరాలలో ఆయన నివేదికలు సమర్పించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నది నడుమ లంకలను కలుపుతూ ఆనకట్ట లేచింది. వీణం వీరన్నగారి వంటి స్థానికుల తోడ్పాటూ, పేరు లేని వేలాది కూలీల రెక్కల కష్టమూ అందులో ఉన్నాయి. కంపెనీ వారు కేవలం దయతో ఈ పని చేశారని నేననను. శిస్తు పెరుగుతుందన్న లెక్క వారికి స్పష్టంగానే ఉన్నది.

అయితే కాటన్ ప్రధాన కాలువలను పొలాలు తడపడానికి మాత్రమే త్రవ్వించలేదు. పడవ నడిచే వెడల్పుతో, లోతుతో త్రవ్వించి, నేల వాలు దిగిన చోటులందు లాకులు కట్టించాడు. లాకంటే ఏమిటో ఈ తరం వారికి చెప్పవలసి ఉన్నది. ముందొక తలుపు, వెనుకొక తలుపు. నడుమ రాతి గోడల తొట్టి. ఎగువనుండి వచ్చిన పడవ తొట్టిలో ప్రవేశించగానే వెనుక తలుపు మూస్తారు. తొట్టిలోని నీటిని మెల్లగా వదిలితే పడవ దిగువ మట్టానికి దిగుతుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు. దిగువనుండి పైకి పోవలెనంటే ఇదే పని తలక్రిందులుగా చేస్తారు. మాధవాయపాలెం ఇంగ్లీషులోకి పోతే, వారి ‘లాక్’ మనకు ‘లాకు’ అయి, బహువచనమున ‘లాకులు’ అయి, లొల్ల లాకుల వలె ఊరి గుర్తుగా నిలిచిపోయింది. భాషలు కూడ సరుకులవలెనే రేవులు మారుతాయి కాబోలు!

గోదావరి డెల్టాలో ఇటువంటి కాలువలు దాదాపు 500 మైళ్ళు ఏర్పడ్డాయి. కృష్ణకు బెజవాడ వద్ద 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. ఏలూరు కాలువ రెండు నదులనూ కలిపింది. ఆవల కొమ్మమూరు కాలువ, పెదగంజాం వద్దనుండి బకింగ్‌హాం కాలువ. 1877-78 నాటి కరవు పనులతో ఈ చివరి కాలువ విస్తరించి, కాకినాడలో పడవ ఎక్కించిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసు చేరే దారి ఏర్పడింది. 1861-65 నడుమ అమెరికా అంతర్యుద్ధ కాలాన ప్రత్తికి గిరాకీ హెచ్చినప్పుడు కాకినాడ రేవు ఎదిగింది. తరువాత ధాన్యం, నూనెగింజలు. ఆ మిగులు ధనమే కాలక్రమాన బియ్యపు మిల్లులుగా, బ్యాంకులుగా, 1947లో తణుకున నెలకొన్న ఆంధ్రా షుగర్స్ వంటి కర్మాగారాలుగా రూపు దాల్చింది. నేతగాని మగ్గం మాత్రం ఈ వెలుగులో మునుపటి వైభవాన్ని అందుకోలేదు.

పిమ్మట రైలు వచ్చింది. కాలువ రవాణాయే చౌక అని కాటన్ జీవితాంతం వాదించాడు, పాలకులు వినలేదు. 1900లో రాజమండ్రి వద్ద గోదావరి మీద రైలు వంతెన సిద్ధమైనది. దూరపు సరుకు రైలెక్కింది. దగ్గర ఊళ్ళ సరుకు మాత్రం చాలాకాలం పడవల మీదనే సాగింది. ధాన్యం, కొబ్బరికాయలు, పెంకులు నిండిన పడవలను గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులను నా బాల్యంలో నేనూ చూశాను. తరువాత లారీ వచ్చింది. పడవకు తల తగిలే వంతెనలు వచ్చాయి. 2008లో కాకినాడ-పుదుచ్చేరి జలమార్గాన్ని నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మా కాలువల మీద మాత్రం ఆ పూర్వపు సందడి తిరిగి రాలేదు.

పడవ పోయినందుకు కలిగిన నష్టం రవాణాతో ఆగలేదు. పడవ నడిచినన్నాళ్ళూ కాలువలో పూడిక తీయక తప్పేది కాదు, గట్టును కాపాడక తప్పేది కాదు. అది ఒక వీధి. వీధిలో చెత్త పోస్తే అడిగేవారుంటారు. బాట కానిదైన తరువాత అది అనేక ఊళ్ళకు పెంటకుప్ప అయినది. ఆ నీళ్ళే దిగువ ఊళ్ళ చెరువులలోకి త్రాగునీరుగా చేరుతున్నవి.

2011లో కోనసీమ రైతులు వేలాది ఎకరాలు బీడు పెట్టి పంట విరామం పాటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కాటన్ కాలువలో నీరున్నది. గిట్టుబాటు ధర లేదు, మురుగు పోయే దారి లేదు. 1844కు ముందు నీరూ దారీ రెండూ లేని సీమ, 2011లో నీరుండి కూడ నాగలి దింపనన్నది. అభివృద్ధి అంటే ఎన్ని బస్తాలు పండినవని మాత్రమే లెక్కించే వారికి ఈ సంగతి బోధపడదు. కళ్ళంలోని బస్తా ఏ దారిన పోతున్నది, దాని ధర ఎవరు కడుతున్నారు, రైతు చేతిలో ఏమి మిగులుతున్నది అని అడగడం ఎంతైనా అవసరం. ధవళేశ్వరంలో కాటన్ విగ్రహానికి దండ వేసేవారు ఆయన కాలువలో ఒక బుట్టెడు చెత్త తగ్గించినా ఆయనకు అంతకు మించిన పూజ లేదు.

మీ ఊరి పడవల సంగతులు, లాకుల పేర్లు, పడవవారి మాటలు ఇంట్లో పెద్దలకు జ్ఞాపకముంటే అడిగి వ్రాయండి. వారు చెప్పగలిగి ఉండగానే వ్రాసి పెట్టుకొనడం మంచిది.

స్వస్తి.