నలుగు నుంచి నిశ్చితార్థపు ఛాయాచిత్రం దాకా: తెలుగు వధూప్రసాధన చరిత్ర - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తాంబూలాలు పుచ్చుకోవడం, ప్రధానం, లగ్నపత్రిక రాయించుకోవడం, పూలుపండ్లు - ఇలా తెలుగు నేలమీద నిశ్చితార్థానికి ప్రాంతాన్నిబట్టి, కులాచారాన్నిబట్టి అనేక పేర్లున్నాయి. పేరేదైనా దాని సారం మాట ఇచ్చిపుచ్చుకోవడమే. వరుడి వైపువారు తెచ్చిన చీర కట్టుకొని, బొట్టు పెట్టించుకొని, తలలో పూలు తురుముకొని వధువు పీటమీద కూర్చుంటే ఆనాటి అలంకరణ పూర్తయినట్లే. నలుగు, మంగళస్నానం, పారాణి, బాసికం పెళ్ళికోసం దాచి ఉంచిన వేడుకలు. నేడు నిశ్చితార్థం నాడే గంటల తరబడి కేశాలంకరణ, ముఖాలంకరణ సాగుతున్నాయి. వాటికి ముహూర్తం ఎంత ముఖ్యమో ఛాయాచిత్రం అంతకన్నా ముఖ్యం. దీన్ని కేవలం ఆడంబరంగా కొట్టివేయడం సులభం. అలంకరణ ఎవరి చూపుకోసం, ఎవరి చేతులమీదుగా జరిగిందన్న ప్రశ్నలతో సాహిత్యాన్నీ ఛాయాచిత్ర చరిత్రనూ కలిపి చదివినప్పుడు ఈ మార్పు స్వరూపం మరింత స్పష్టపడుతుంది. ఆ పరిశీలనే ఈ వ్యాస లక్ష్యం.

కావ్యపరంపరలో ప్రసాధనం

వధువును అలంకరించే ఘట్టం కావ్యకవులకు అభిమానపాత్రమైనది. కాళిదాసు కుమారసంభవం ఏడవ సర్గలో పార్వతి కురులను ధూపపు వెచ్చదనంతో ఆరబెట్టడం, పాదాలకు లత్తుక పెట్టడం, చివరకు ఆమె అద్దంలో తనను తాను చూసుకోవడం వరుసగా సాగుతాయి. అక్కడ కవి చేసిన ఒక సూచన విలువైనది. పార్వతి కన్నులకు కాటుక పెట్టింది అందం పెంచడానికి కాదు, అది మంగళప్రదం కాబట్టి. అలంకరణకు సౌందర్యం, మంగళం అనే రెండు వేర్వేరు ప్రయోజనాలున్నాయన్న వివేకం ఇందులో ఉంది. శ్రీహర్షుని నైషధాన్ని తెనిగించిన శ్రీనాథుని శృంగారనైషధంలోనూ దమయంతీ ప్రసాధనం పెళ్ళి ఘట్టానికి ముందున్న విస్తృత వర్ణన.

గోదాదేవి కథ ఇందుకు భిన్నమైన సందర్భం. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద పేరులోనే ఆ కథ ఉంది: దేవునికోసం కట్టిన మాలను ముందుగా తాను ధరించి ఇచ్చిన కన్య. ఆమె తన నీడను చూసుకున్నదని చెప్పే బావిని శ్రీవిల్లిపుత్తూరులో నేటికీ చూపిస్తారు. సఖులు అలంకరించగా అద్దం చూసిన వధువు పార్వతి. తనను తానే అలంకరించుకొని, ఇతరులు చూడకముందే తన రూపాన్ని తాను పరీక్షించుకున్న వధువు గోద. నిశ్చితార్థపు ఛాయాచిత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండో ఉదాహరణ అవసరమవుతుంది.

చేతులు, పాటలు, ఐదోతనం

కావ్యాల్లో సఖులు చేసిన పని లోకాచారంలో ముత్తైదువులది. పెళ్ళికూతురిని చేసేటప్పుడు నూనె అంటడం, సున్నిపిండితో నలుగు పెట్టడం, కుంకుడు రసంతో తలంటు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం - ఇవన్నీ స్పర్శకూ వాసనకూ సంబంధించినవి. నలుగుపాటలు ఈ పనికి లయనిచ్చాయి. గోళ్ళు తీసే మంగలికీ ఈ తంతులో నిర్ణీతమైన స్థానం ఉంది. బుగ్గన పెట్టే దిష్టిచుక్క మరీ విశేషమైనది. అది సంపూర్ణమైన అందాన్ని ఉద్దేశపూర్వకంగా కొంత భంగపరుస్తుంది.

ఈ చేతుల సమూహానికి కఠినమైన ఎల్లలు కూడా ఉన్నాయి. ఐదోతనం ఉన్నవారే వధువును తాకాలి. పెంచి పెద్దచేసిన మేనత్త అయినా, కన్నతల్లి అయినా భర్తను కోల్పోతే పక్కకు తప్పుకోవలసిందే. నలుగుపాటల మాధుర్యాన్ని తలచుకునేటప్పుడు ఆ పాటకు దూరంగా వెనకగదిలో నిలిచిన స్త్రీని మరచిపోవడం చరిత్రకు న్యాయం కాదు.

గాజుపలక మీద పసుపు

హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియోను ఏర్పరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. స్త్రీ రూపం ఇల్లు దాటి కాగితం మీదికి రావడానికి ఎంత జాగ్రత్త అవసరమైందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరో సమస్య రసాయనికమైనది. తొలినాటి ఛాయాచిత్ర ఫలకాలు నీలి, ఊదా కాంతులకే స్పందించేవి. పసుపు, ఎరుపు రంగులు వాటిపై నల్లబడేవి. 1873లో హెర్మన్ ఫోగెల్ రంగుల సహాయంతో ఈ స్పందనను విస్తరించవచ్చని కనుగొన్నాడు. ఎరుపును కూడా గ్రహించే పాన్‌క్రొమాటిక్ ఫలకాలు 1906లో మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందు పసుపు రాసుకున్న ముఖం చిత్రంలో మరింత నల్లగా, కుంకుమబొట్టు నల్లచుక్కగా పడక తప్పదు. ఏ వర్ణం వధువుకు మంగళమో అదే కెమెరాకు లోపమైంది. ఆ లోపాన్ని కప్పడానికి పౌడరు, నెగెటివ్ మీద పెన్సిలుతో చేసే రీటచింగ్ ఉపకరించాయి. కాళిదాసు వేరుచేసి చూపిన మంగళమూ సౌందర్యమూ ఈ ఫలకం మీద పరస్పరం ఎదురుపడ్డాయి.

జడ, అద్దం, స్టూడియో

తెలుగు కేశాలంకరణకు పరాకాష్ఠ జడ. కూచిపూడి భామాకలాపంలో తెరమీదుగా వేసే సత్యభామ జడ పాత్ర అహంకారానికీ నటుని విద్యకూ ప్రతీక. రాగిడి, జడబిళ్ళ, కుప్పెలతో కూడిన ఈ అలంకారం వెనకనుంచి చూడదగినది. కెమెరా మాత్రం ముఖాన్ని కోరుతుంది. స్టూడియోలు ఈ చిక్కును అద్దంతో పరిష్కరించాయి. పూలజడ వేసుకున్న అమ్మాయిని నిలువుటద్దం పక్కన నిలబెట్టి, ముఖమూ జడా ఒకే చిత్రంలో పడేలా చేశాయి. తెలుగు ఇళ్ళ గోడలమీద మిగిలిన ఇటువంటి చిత్రాలు స్థానిక సౌందర్యదృష్టి యంత్రానికి లొంగకుండా దాన్నే తనకు అనువుగా మలచుకున్నదనడానికి సాక్ష్యాలు.

వేషం నుంచి మేకప్‌కు

ముఖానికి రంగు పూయడం చిరకాలం రంగస్థలానికి చెందిన విద్య. 1892లోనే విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ కన్యాశుల్కంలో కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడపిల్ల వేషం వేయించి లుబ్ధావధాన్లకు పెళ్ళికూతురుగా అంటగడతాడు. వధువు రూపం ఎంతవరకు వేషమన్న ప్రశ్నను ఆ నాటకం హాస్యంలో నిలిపింది. స్త్రీపాత్రల్లో ప్రఖ్యాతుడైన స్థానం నరసింహారావు అలంకరణను శాస్త్రంగా సాధన చేశాడు. 1957 నాటి మాయాబజార్‌లో శశిరేఖ రూపంలో పెళ్ళికి సిద్ధపడేది ఘటోత్కచుడు.

సినిమా ఈ విద్యను ఇళ్ళకు చేర్చింది. వర్ణచిత్రాల అవసరం కోసం మాక్స్ ఫాక్టర్ రూపొందించిన పాన్‌కేక్ 1930ల చివర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. 1952లో టాటా సంస్థ లాక్మేను ప్రారంభించడంతో దేశీయ సౌందర్యసాధనాల విపణి విస్తరించింది. మేకప్ అన్న మాట తెలుగులో స్థిరపడి, వేషమన్న మాటకున్న మోసపు ఛాయను వదిలించుకుంది.

నిశ్చితార్థపు చిత్రం: లాభనష్టాలు

పెళ్ళిలో తలంబ్రాలు, మాంగల్యధారణ వంటి కర్మకాండ కెమెరాకు కదలికలను నిర్ణయిస్తుంది. నిశ్చితార్థంలో కర్మ స్వల్పం కాబట్టి చిత్రానికి చోటు ఎక్కువ. పూర్వం పెద్దల మాట కేంద్రమైన ఈ సందర్భంలో ఇప్పుడు వధూవరుల రూపం కేంద్రమైంది. ఏ జడ, ఏ బొట్టు అన్న ఎంపికలో వధువుకు మాట దక్కడం చిన్న మార్పు కాదు. డబ్బు తీసుకొని అలంకరించే స్త్రీని ఆమె ఐదోతనం గురించి ప్రశ్నించే ఆచారం లేదు. ఒకప్పుడు వెనకగదికి పరిమితమైన చేతులకు ఇది జీవనోపాధి కాగలిగింది.

నష్టమూ అంతే వాస్తవం. ద్రౌపదిని కృష్ణగా కీర్తించిన సాహిత్యసంప్రదాయానికి వారసులైన ఇళ్ళలో చామనచాయ అమ్మాయి తన నిశ్చితార్థపు చిత్రంలో తన రంగుతో కనబడటం అరుదవుతున్నది. నలుపుతెలుపు ఫలకానికి ఎరుపు, పసుపులను చూడలేని రసాయనిక పరిమితి ఉండేది. నేటి కెమెరాకు ఆ పరిమితి లేదు. అయినా ముఖాన్ని తెల్లబరచడం కొనసాగుతున్నదంటే లోపం యంత్రంలో కాక చూపులో ఉన్నదని గ్రహించాలి.

ముగింపు

వధూప్రసాధనం స్పర్శ నుంచి దృశ్యానికి, మంగళం నుంచి ముద్రకు జరిగిన తీరు పై పరిశీలనలో వ్యక్తమవుతుంది. పాత సంప్రదాయం చెడిందనే విలాపానికీ, కొత్తది విముక్తి అనే ఉత్సాహానికీ చరిత్ర పూర్తి ఆధారం ఇవ్వదు. నలుగు వధువుకు ఆత్మీయ స్పర్శనిచ్చి కొందరు స్త్రీలను వెలివేసింది. ఛాయాచిత్రం ఆమెకు ఎంపికనిచ్చి ఆమె రంగును సందేహించింది. నీటిలో తన నీడను చూసుకున్న గోద ఆ రూపాన్ని దిద్దలేదు, తనదిగానే స్వీకరించింది. నిశ్చితార్థపు చిత్రాన్ని అంచనా వేయడానికి సాహిత్యం అందించే ప్రమాణం అదే.