మంచులో లేహ్‌కి నడిచినవాళ్ళు

ఈ రోజుల్లో మన కుర్రాళ్ళు ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో లేహ్‌లో దిగుతున్నారు. 1948 ఫిబ్రవరిలో అక్కడికి చేరాలంటే కాళ్ళే గతి. కార్గిల్ గురించి మనవాళ్ళు చాలా రాశారు గానీ, ఈ నడక గురించి తక్కువే రాశారు.

1947 నవంబరులో గిల్గిత్ చేజారింది. 1948 ఫిబ్రవరి 11 నుంచి స్కర్దూ ముట్టడిలో ఉంది. తర్వాత వంతు లేహ్‌దే. అక్కడ ఉన్నది రాష్ట్ర సైన్యపు చిన్న దళం ఒక్కటే. విమానం దిగడానికి చోటు లేదు. శ్రీనగర్ నుంచి దారి జోజిలా మీదుగా, 11,500 అడుగుల పైచిలుకు ఎత్తు. చలికాలంలో దాటడం అయ్యేపని కాదని అందరూ అనేవారు.

2 డోగ్రాకు చెందిన పృథీ చంద్, ఖుషాల్ చంద్, భీమ్ చంద్ మేం వెళ్తామన్నారు. ముగ్గురూ లాహౌల్ వాళ్ళు, మంచులో పుట్టి పెరిగినవాళ్ళు. సుమారు 40 మందితో ఫిబ్రవరి 16న బయలుదేరి మార్చి 8న లేహ్ చేరారు.

ఆ వైపు శీతాకాలంలో లింక్ పెట్రోల్ చేసినవాణ్ణి కాబట్టి అదెంత కష్టమో నాకు కొంత తెలుసు. తెల్లవారక ముందే, మంచు గడ్డకట్టి ఉన్నప్పుడే నడవాలి. ఎండెక్కితే నడుం దాకా దిగబడతాం, పైనుంచి హిమపాతం భయం. ముందు నడిచేవాడు దారి తొక్కాలి, పావుగంటకే రొప్పు వస్తుంది, ఇంకొకణ్ణి మార్చాలి. మాకు స్నో బూట్లు, రేడియో సెట్టు, వెనకాల హెలికాప్టర్ ఉన్నాయి. వాళ్ళకు ఇందులో ఎన్ని ఉన్నాయో మీరే ఊహించుకోండి!

లేహ్ చేరాక విశ్రాంతి లేదు. లదాఖీ యువకులను చేర్చుకుని తుపాకీ పట్టడం నేర్పారు. ఇంజనీర్ సోనమ్ నోర్బూ ఊరివాళ్ళతో కలిసి రన్‌వే వేయించారు. మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ డకోటా దింపారు, పక్కన జనరల్ తిమ్మయ్య. ఆ రోజుల్లోనే కార్గిల్, ద్రాస్ పోయి జోజిలా దారి తెగిపోయింది. ఆ రన్‌వే, ఆ కొద్దిమంది లేకపోతే లేహ్ కూడా పోయేదే అని నా అభిప్రాయం.

నవంబర్ 1న 7 లైట్ కావల్రీ స్టువర్ట్ ట్యాంకులు జోజిలా ఎక్కాయి. వాటికి బాట వేసింది మద్రాస్ శాపర్స్, మన తెలుగువాళ్ళు తరతరాలుగా చేరే రెజిమెంటు. నవంబర్ ముగిసేలోగా కార్గిల్ తిరిగి మన చేతికొచ్చింది, లేహ్ దారి తెరుచుకుంది.