చేతికొచ్చే జీతం: ఒక పాత భయం చరిత్ర

"జీతం పెరిగి పై శ్లాబులో పడితే యింటికి తెచ్చుకునేది తగ్గిపోతుంది" అన్న మాట ఉద్యోగస్తులలో యిప్పటికీ వినబడుతుంది. మా అధ్యాపకుల గదిలోనూ విన్నాను. లెక్కలు రానివాళ్ళ భ్రమ అని దీన్ని కొట్టిపారేయటం సులువే. కాని యీ భయానికి చరిత్ర వుంది.

1857 తిరుగుబాటును అణచిన ఖర్చుతో ఖజానా గుల్లయినప్పుడు, ఆర్థిక సభ్యుడుగా వచ్చిన జేమ్స్ విల్సన్ 1860లో మన నెత్తిన ఆదాయపు పన్ను పెట్టాడు. ఏడాదికి 200 రూపాయలు దాటితే నూటికి 2, 500 దాటితే నూటికి 4. మెలిక ఎక్కడుందంటే, పై రేటు పైన వచ్చిన రూపాయల మీద కాక మొత్తం ఆదాయం మీద పడుతుంది. ఆ రేట్ల ప్రకారం 499 రూపాయలవాడికి సుమారు 489 మిగిలితే, 501 రూపాయలవాడికి 481 మిగులుతుంది. రెండు రూపాయలు ఎక్కువ సంపాదించిన పాపానికి ఎనిమిది రూపాయల జరిమానా!

మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో వుండేవి. అక్కడి గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ యీ పన్నును బాహాటంగా వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నాడు. జనం మీద ప్రేమ కన్న మరో తిరుగుబాటు భయమే అతని చేత అలా మాట్లాడించిందని నా అనుమానం. తర్వాత అతనే ఆర్థిక సభ్యుడై తిరిగి వచ్చాడు. 1865లో పన్ను పోయింది. 1886లో మళ్ళీ స్థిరపడేటప్పటికి వ్యవసాయాదాయాన్ని మినహాయించారు. జమీందారు తప్పించుకున్నాడు, గుమాస్తా దొరికిపోయాడు.

మెట్ల లెక్క పోయి శ్లాబుల లెక్క వచ్చింది 1939 సవరణతో. అప్పటినుంచీ పై రేటు పై ముక్కకే పరిమితం. చట్టం మారినా భయం మారలేదు.

ఇక 1973–74 సంగతి. 2 లక్షల పైన నూటికి 85, దానిమీద నూటికి 15 సర్‌చార్జి, వెరసి 97.75. ఆ పై ముక్కలో నూరు రూపాయలకు మిగిలేది రెండుంపావు. మనవాళ్ళలో కొందరు యీ అంకెను సోషలిజానికి కొండగుర్తుగా చెబుతారు. నేనొప్పుకోను. ఉద్యోగి పన్ను జీతం చేతికి రాకముందే కోత పడుతుంది. వ్యాపారి లెక్క వ్యాపారే రాసుకుంటాడు. హెచ్చు రేట్లే ఎగవేతకు ముఖ్యకారణమని 1971లో వాంఛూ కమిటీ చెప్పింది. అది ధనికుల వాదన అనుకుందామా? లేబర్ పార్టీ పక్షపు ఆర్థికవేత్త నికొలాస్ కాల్డర్ 1956 నివేదికలో పై రేటు 45 చాలునన్నాడు. కాని ఆస్తి మీద, వ్యయం మీద, దానం మీద, మూలధనపు లాభం మీద కూడా పన్ను వెయ్యమన్నాడు. కిటుకంతా అక్కడుంది. ఏలినవారు ఆ పన్నులు వేశారు, రేటు 45కి తగ్గించలేదు. తర్వాత రేటూ దించారు, ఆ పన్నులూ చాలావరకు ఎత్తేశారు: వ్యయపు పన్ను 1966లో, దానపు పన్ను 1998లో, సంపద పన్ను 2015లో. పై రేటు 1985–86లో 50కి, 1997–98లో 30కి దిగింది.

2025–26 కొత్త విధానంలో 30 లక్షల జీతం తీసుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 29,25,000. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు. అక్కడనుంచి నాలుగేసి లక్షలకు నూటికి 5, 10, 15, 20, 25 చొప్పున 24 లక్షల దాకా 3,00,000. మిగిలిన 5,25,000కు నూటికి 30 వంతున 1,57,500. నూటికి 4 సెస్సు 18,300. మొత్తం 4,75,800. భవిష్యనిధి, వృత్తిపన్ను అలా వుంచితే నెలకు చేతికొచ్చేది 2,10,350. ముప్పై శ్లాబువాడు నిజానికి కట్టేది నూటికి 16 లోపే. మినహాయింపులు వదులుకునే కంపెనీలకు 2019లో మూలరేటు 22కు దించారు. జీతాల పై శ్లాబు 30 దగ్గరే వుంది.

పాత మెట్టు ఒకటి యింకా మిగిలింది. పన్ను పడే ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి నూటికి 10 మొత్తం పన్ను మీద పడుతుంది. అయితే పెరిగిన జీతాన్ని మించి పన్ను పెరగకుండా అక్కడ "మార్జినల్ రిలీఫ్" అడ్డుపెట్టారు.