షెరీఫ్ పదవికి తొమ్మిది మెట్లు



నేను బడిపంతులమ్మనే గాని పండితురాలిని కాను. మా తాతగారు మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళారు. మా నాన్నగారు అక్కడే పుట్టారు, నేనూ అక్కడే పుట్టాను. 1987లో సైన్యం అక్కడి ప్రభుత్వాన్ని కూలద్రోసిన తరువాత మా కుటుంబం కాలిఫోర్నియాకు వచ్చి స్థిరపడింది. ఇంట్లో చెవిన పడిన తెలుగుకు అక్షరాలు నేర్చుకున్నది ఇక్కడి సాయంకాలపు తరగతిలోనే. కనుక నా భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఈ వ్యాసానికి కారణం కూడా ఆ తరగతిలోనే దొరికింది. మాతో చదువుకునే ఒక అమ్మాయికి షెరీఫ్ కార్యాలయంలో డిప్యూటీ ఉద్యోగం వచ్చింది. శిక్షణ పూర్తి కాగానే జైల్లో పని ఇచ్చారు. వాళ్ళమ్మగారు నా పక్కన కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇంత చదివించింది జైల్లో కాపలా కాయడానికా, టీచరమ్మా? నేరుగా ఆఫీసరుగా చేరే దారి లేదా?" అని అడిగారు. అమ్మాయి మాత్రం నవ్వుతూ, "అమ్మా, ఇక్కడ పెద్ద ఆఫీసర్లు కూడా అక్కడినుంచే మొదలుపెట్టారు" అన్నది.

ఆ తల్లికి నేను అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఎన్నో ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, నేను నివసించే రాష్ట్రంలో షెరీఫ్ ఎలా తయారవుతాడో నాకే తెలియదు. అప్పటినుండి చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను. ఉదాహరణకు లాస్ ఏంజిలస్ కౌంటీని తీసుకున్నాను. ఈ దేశంలోని షెరీఫ్ కార్యాలయాలలో అదే అన్నిటికంటె పెద్దది.

షెరీఫ్ అంటే ఎవరు?

ఈ పదవి పుట్టినది ఇంగ్లండులో. 'షైర్' అంటే జిల్లా, 'రీవ్' అంటే రాజుగారి తరఫున వ్యవహారం చూసే అధికారి. ఈ రెండు మాటలు కలిసి షెరీఫ్ అయింది. అక్కడ షెరీఫ్ రాజు మనిషి. పన్నులు వసూలు చేసేవాడు, నేరస్థులను పట్టేవాడు. జనానికి అతనంటే భయమే గాని ప్రేమ లేదు. 1215 నాటి మాగ్నా కార్టాలో షెరీఫుల ఆగడాలను అదుపు చేసే నియమాలు కొన్ని ఉన్నాయంటే ఆ భయం ఎంతటిదో ఊహించవచ్చును.

ఆ పదవే సముద్రం దాటి అమెరికా వచ్చింది. ఇక్కడ రాజు లేడు. అందువల్ల చాలా రాష్ట్రాలలో షెరీఫును ప్రజలే ఎన్నుకునే ఆచారం వచ్చింది. కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీకి ఎన్నికైన షెరీఫ్ ఉండాలని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతున్నది. నగర పోలీసు అధిపతిని నగరపాలకులు నియమిస్తారు, వద్దనుకుంటే తొలగిస్తారు. షెరీఫ్ సంగతి అలా కాదు. ఈ తేడాను గుర్తుంచుకుంటే తక్కినదంతా సులభంగా అర్థమవుతుంది.

లాస్ ఏంజిలస్ కౌంటీలో మొదటి షెరీఫ్ జార్జ్ బరిల్ 1850లో ఎన్నికయ్యారు. ఇప్పుడు ఆ కౌంటీ జనాభా సుమారు ఒక కోటి, నగరాలు 88. నగరపాలన లేని ప్రాంతాలకు షెరీఫే పోలీసు. అంతేకాక 1954లో లేక్‌వుడ్ అనే కొత్త నగరం సొంత పోలీసులను పెట్టుకోకుండా, డబ్బు చెల్లించి షెరీఫ్ సేవలను తీసుకున్నది. ఆ పద్ధతి వ్యాపించి నేడు దాదాపు సగం నగరాలు అలాగే నడుస్తున్నాయి. కోర్టుల కాపలా కూడా షెరీఫుదే. కౌంటీ జైళ్ళు నడపవలసినదీ ఆయనే.

మెట్ల వరుస

కింది నుండి మెట్లు ఇవి: డిప్యూటీ, సార్జెంట్, లెఫ్టినెంట్, కెప్టెన్, కమాండర్, చీఫ్, అసిస్టెంట్ షెరీఫ్, అండర్ షెరీఫ్, షెరీఫ్. మొత్తం తొమ్మిది.

భారతదేశంలో ఐ.పి.ఎస్. పరీక్ష నెగ్గిన యువకుడు మొదటిరోజే ఎందరో కానిస్టేబుళ్ళకు పై అధికారి అవుతాడు. ఇక్కడ అటువంటి దొడ్డిదారి గాని రాజమార్గం గాని లేదు. హైస్కూలు చదివినవారైనా, కాలేజీ పట్టా ఉన్నవారైనా డిప్యూటీగానే చేరాలి. కొన్ని నెలలు అకాడమీలో శిక్షణ. ఆ తరువాత చాలామందికి మొదటి పని జైల్లోనే. కొందరికి అది రెండేళ్ళు, మరికొందరికి ఇంకా ఎక్కువ. ఆ తరువాతే కారెక్కి ఊళ్ళో గస్తీ తిరిగే పని.

సార్జెంట్, లెఫ్టినెంట్ కావాలంటే పరీక్షలు వ్రాయాలి. సార్జెంట్ డిప్యూటీల పని చూస్తాడు. లెఫ్టినెంట్ ఒక్కొక్క వంతులో స్టేషన్ బాధ్యత మోస్తాడు. కెప్టెన్ ఒక స్టేషనుకో జైలుకో అధిపతి. కమాండర్, చీఫ్ కలిసి ఒక్కొక్క విభాగాన్ని నడుపుతారు. పైకి పోయేకొద్దీ పరీక్ష బరువు తగ్గి, షెరీఫ్ గారి ఎంపిక బరువు పెరుగుతుంది. అండర్ షెరీఫ్ ఆయనకు కుడిభుజం.

తొమ్మిదవ మెట్టు మాత్రం ఎవరూ ఇచ్చేది కాదు. దానికి ఓట్లు కావాలి. నడుమ ఖాళీ వస్తే కౌంటీని పాలించే అయిదుగురు సూపర్‌వైజర్లు ఎవరినైనా నియమిస్తారు. తరువాతి ఎన్నికలో ఆయన కూడా ప్రజల ముందుకు రావలసిందే. 1989 నుండి కాలిఫోర్నియాలో మరొక నియమం ఉన్నది. షెరీఫుగా పోటీ చేయాలంటే పోలీసు శాఖలో అనుభవమో, ఉన్నత శిక్షణ పత్రమో ఉండాలి.

మెట్లు ఎక్కినవారు

యూజీన్ బిస్కైలజ్ 1907లో ఈ శాఖలో చేరారు. 1929లో రాష్ట్ర రహదారి పోలీసు దళాన్ని నిలబెట్టే పని ఆయనకు అప్పగించారు. తిరిగి వచ్చి 1932లో షెరీఫ్ అయ్యారు. 1958 వరకు ఆ కుర్చీలోనే ఉన్నారు.

ఆయన తరువాత వచ్చిన పీటర్ పిచెస్ దారి వేరు. ఆయన ముందు ఎఫ్.బి.ఐ.లో పనిచేసి, 1953లో నేరుగా అండర్ షెరీఫుగా వచ్చారు. కింది మెట్లు ఎక్కకుండానే పై మెట్టున అడుగుపెట్టిన మనిషి. అయినా 1958 నుండి 1982 వరకు షెరీఫుగా నిలిచారు.

షెర్మన్ బ్లాక్ 1956లో డిప్యూటీగా చేరారు. మెట్టు మెట్టుగా ఎక్కి 1982లో షెరీఫ్ అయ్యారు. 1998 ఎన్నికకు కొద్దిరోజుల ముందే కన్నుమూశారు. ఆ ఎన్నికలో గెలిచిన లీ బాకా 1965లో చేరినవారు. ఆయన షెరీఫ్ కావడానికి ముప్పది మూడేళ్ళు పట్టింది.

స్త్రీల దారి ఇంకా పొడవు. మార్గరెట్ ఆడమ్స్ అనే ఆవిడ లాస్ ఏంజిలస్ కౌంటీలో 1912లోనే డిప్యూటీగా ప్రమాణం చేశారు. కాని కాలిఫోర్నియాలో ఒక స్త్రీ షెరీఫుగా ఎన్నిక కావడానికి 1998 దాకా ఆగవలసి వచ్చింది. శాంటా క్లారా కౌంటీలో 1973లో చేరిన లారీ స్మిత్ ఆ గౌరవం పొందారు. అదే లారీ స్మిత్ 2022లో, తుపాకీ అనుమతుల విషయంలో అవినీతి విచారణ జరుగుతుండగా రాజీనామా చేశారు. జ్యూరీ ఆమెను తప్పుపట్టింది. ఆ కీర్తి, ఈ అపకీర్తి రెండూ ఆమె పేరుతోనే చరిత్రలో నిలిచాయి.

మెట్లు జారినవారు

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. జైలు పని చిన్న పనా?

2011లో లాస్ ఏంజిలస్ కౌంటీ జైళ్ళలో ఖైదీలను డిప్యూటీలు కొడుతున్నారన్న ఫిర్యాదులపై ఎఫ్.బి.ఐ. రహస్యంగా విచారణ జరిపింది. ఒక ఖైదీ వారికి సమాచారం ఇస్తున్నాడు. ఆ సంగతి బయటపడగానే షెరీఫ్ శాఖవారు ఆ ఖైదీని పేర్లు మార్చి, చోట్లు మార్చి, ఎఫ్.బి.ఐ.కి దొరకకుండా దాచారు. మరుసటి ఏడు కౌంటీ నియమించిన ఒక సంఘం జైళ్ళలోని హింసకు పై అధికారుల వైఫల్యమే కారణమని నివేదిక ఇచ్చింది.

పాల్ టనాకా లెక్కలు చదివిన మనిషి, తెలివైనవాడు. ఎనిమిదవ మెట్టు దాకా ఎక్కి అండర్ షెరీఫ్ అయ్యారు. విచారణకు అడ్డుపడినందుకు 2016లో ఆయనకు అయిదేళ్ళ శిక్ష పడింది. బాకా 2014లో పదవి వదిలారు. 2017లో ఆయనకు మూడేళ్ళ శిక్ష పడింది. వారి మాట విన్న కింది ఉద్యోగులు కూడా పలువురు శిక్షపడి, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

అంటే పై మెట్లమీద ఉన్న ఇద్దరు పడిపోయినది మొదటి మెట్టున జరిగినదానివల్లనే. జైలును చిన్నచూపు చూసినవారే ఆ జైలు సంగతిలో దోషులయ్యారు. ఎనిమిది మెట్లవరకు పైవారి మెప్పుతో ఎక్కవచ్చును. ఆ మెప్పుకోసం "అలాగే అయ్యా" అనడం అలవాటైతే, కాదు అనవలసిన రోజున నోరు పెగలదు.

2018లో ప్రజలు అలెక్స్ విల్లన్యూవాను ఎన్నుకున్నారు. ఆయన లెఫ్టినెంటుగా రిటైర్ అయినవారు. మూడవ మెట్టునుండి ఒక్కసారిగా తొమ్మిదవ మెట్టుకు చేరారన్నమాట. పదవిలో ఉన్న షెరీఫును ఓడించడం ఆ కౌంటీలో నూరేళ్ళకు పైగా జరగలేదు. నాలుగేళ్ళకు, 2022లో, అదే ప్రజలు ఆయననూ దించి, లాంగ్ బీచ్ నగర పోలీసు అధిపతిగా పనిచేసిన రాబర్ట్ లూనాను ఎన్నుకున్నారు. ఆ ఎన్నికలోనే మరొక నియమం కూడా నెగ్గించారు. తగిన కారణముంటే అయిదుగురు సూపర్‌వైజర్లలో నలుగురు కలిసి షెరీఫును తొలగించవచ్చునని దాని సారాంశం.

ఆఖరి మెట్టు మనది

మా తాతగారి గిర్మిట్ అయిదేళ్ళది. తోటలో ఆయనపై సర్దార్, సర్దార్‌పై కులంబర్, ఆయనపై దొర. అధికారమంతా పైనుండి కిందికే దిగేది. మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళి చెప్పుకున్నా వినేవారు తక్కువ. ఫిజీలో భారతీయులకు మొదటిసారి ఓటు వచ్చినది 1929లో, అదీ కొద్దిమందికే. మా తాతగారికి రాలేదు. తన వీపుమీద లాఠీ ఎత్తే మనిషిని ఎన్నుకునే హక్కు గాని, దించే హక్కు గాని ఉంటుందని ఆయన కలలో కూడా అనుకొని ఉండరు.

ఆయన మనుమరాలినైన నాకు ఆ హక్కు ఉన్నది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎన్నో ఏళ్ళు నా ఓటు పత్రంలో షెరీఫ్ గడిని ఖాళీగా వదిలేశాను. ప్రెసిడెంటుకు, గవర్నరుకు ఓటు వేసి, కింది పేర్లు ఎవరివో తెలియక పత్రం మడిచి ఇచ్చేదాన్ని. మనలో ఇంకా కొందరు అలా చేస్తూ ఉండవచ్చును. ఇకమీదట అలా చేయవద్దని నా మనవి. ఆ పేరుగల మనిషి ఎక్కడ మొదలుపెట్టాడు, ఏ మెట్టున ఎన్నాళ్ళున్నాడు, జైలులో ఉన్నవారి గురించి ఏమంటున్నాడు అని తెలుసుకుని మరీ ఓటు వేయండి.

ఆ తల్లికి నా జవాబు ఇది. అమ్మా, మీ అమ్మాయి చిన్న పనిలో చేరలేదు. ఆ తాళంచెవుల గుత్తి చేతిలో ఉన్న మొదటి రోజుల్లో, ఎదురు చెప్పలేని మనిషితో ఎలా మెలగాలో నేర్చుకుంటుంది. అది సరిగా నేర్చితే ఎంతపైకి పోయినా జారదు. మొన్న తరగతికి వచ్చినప్పుడు, జైల్లో ఏం చేస్తావు అని అడిగాను. "రాత్రి ఒక ముసలాయన నిద్రపట్టక పిలుస్తాడు టీచరమ్మా, వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడి వస్తాను" అన్నది. వాళ్ళమ్మగారు ఈసారి ఏడవలేదు.