కరోనా అనంతర తెలుగు వివాహం: ఒక చారిత్రక పరిశీలన

తెలుగునాట అనేక కుటుంబాల్లో పెళ్లి ఒకప్పుడు ఐదు రోజుల వేడుక. మాంగల్యధారణ, తలంబ్రాలు ముగిసినా సదస్యం, నాకబలి వంటివి తర్వాతి రోజుల్లో జరిగేవి. ఇరవయ్యో శతాబ్దంలో ఉద్యోగాలు, పట్టణ జీవనం, పెరిగిన ఖర్చుల వల్ల ఈ తంతులన్నీ క్రమంగా ఒక పగలూ ఒక రాత్రిలోకి ఒదిగిపోయాయి. రోజులు తగ్గాయి గాని విందు తగ్గలేదు. వచ్చిన జనాన్ని బట్టే కుటుంబ ప్రతిష్ఠను లెక్కగట్టడం కొనసాగింది.

ఈ లెక్కను కరోనా తలకిందులు చేసింది. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. అనంతరం కేంద్ర మార్గదర్శకాలు పెళ్లికి వచ్చేవారి సంఖ్యను 50కి పరిమితం చేశాయి. రెండో ఉద్ధృతి కాలంలో, 2021 మేలో, తెలంగాణలో ఆ పరిమితి 40. ముహూర్తాలు వాయిదా వేసుకోలేనివారు ఇంటి ముందే పందిరి వేసుకున్నారు. దూరదేశాల్లోని బంధువులు తెరపై చూసి అక్షతలు వేశారు. ఖర్చు తగ్గి ఊరట పొందిన తల్లిదండ్రులున్నారు. అయితే వేసవి ముహూర్తాలపై ఆధారపడిన సన్నాయి, డోలు కళాకారులకు, వంటవారికి, షామియానా పనివారికి అదే కాలం ఉపాధి లేని కాలమైంది.

నిరాడంబర వివాహం తెలుగువారికి కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహవిధి’ రచించి తెలుగులోనే పెళ్లి జరిపే పద్ధతిని చూపారు. అది ఆలోచించి ఎంచుకున్న మార్గం. 2020 నాటి నిరాడంబరత ఉత్తర్వు వల్ల వచ్చింది. అందుకే ఆంక్షలతో పాటే చాలావరకు తొలగిపోయింది.

ఆంక్షల తర్వాత మిగిలినవి ప్రత్యక్ష ప్రసారం, వాట్సాప్ శుభలేఖ. కరోనాకు ముందే మొదలైన హల్దీ, మెహందీ, సంగీత్, ప్రీవెడ్డింగ్ చిత్రీకరణలు మరింత బలపడ్డాయి. ముత్తయిదువులు పసుపు దంచి నలుగు పెట్టిన చోట ఇప్పుడు ఈవెంట్ నిర్వాహకుడు పసుపురంగు వేదికను అలంకరిస్తున్నాడు. ఒక విధంగా పలు రోజుల పెళ్లి తిరిగి వచ్చింది. అయితే నాడు ఆ రోజులు క్రతువులవి, నేడు కార్యక్రమాలవి. నాడు చుట్టపక్కాలు పంచుకున్న పని నేడు కొనుగోలు చేసే సేవ.

ఈ భారం తరచుగా వధువు తల్లిదండ్రులపైనే పడుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఇచ్చిన కట్నం నిర్వచనంలో విందు, వేదికల ఖర్చు ప్రస్తావన లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆచార క్రతువులనే కోరుతుంది, అతిథుల సంఖ్యను కాదు. యాభై మంది సమక్షంలో జరిగిన పెళ్లీ సంపూర్ణమైన పెళ్లేనని ఆ రెండేళ్లు రుజువు చేశాయి. ఆ అనుభవాన్ని విపత్కాలపు సర్దుబాటుగా కాక ఒక ఎంపికగా గుర్తుంచుకోవడం నేటి అవసరం.